సన్నబడే ఒక్కపొద్దు

నిజాం కాలంలో ఇబ్రహీంపట్నంలో మాకొక దొర ఉండేవాడు. పొట్ట తగ్గాలని ఒక్కపొద్దు పట్టాడు. దేవుడి కోసం కాదు. దేవుడు ఆయన లెక్కలో ఎన్నడూ లేడు. పొద్దుగూకితేనే భోజనం.

మహేశ్వరం పోయొచ్చి, మేనా దిగుతూ, దాన్ని మోసే బోయీ అంజిలయ్యను అడిగాడు. అబద్ధమాడితే కొరడాయే.

"ఏరా, జర అల్కగైతినా?"

"నీ బాంచెన్ దొరా, ఇంకింత బరువైనవ్."

దొర మొహం మాడింది. "గీ ఉపాసం నాకు పడలే. రేపు పొద్దుగాల్నే అన్నం పెట్టుండ్రి!"

మర్నాడు మెక్కి మేనా ఎక్కాడు. దిగుతూ అడిగాడు, "ఇయ్యాల?"

"మస్తు అల్కగున్నవ్ దొరా!"

అప్పట్నుంచి దొర, సన్నబడాలని మూడుపూటలా తిన్నాడు.

అంజిలయ్య అబద్ధమాడలేదు. దొర తిన్నాకే బోయీలకింత గంజి పోయడం ఆ గడి రివాజు. కాలే కడుపుతో మోస్తే ఆ దొర బరువే మరి.