నలభై అంగుళాల సంచి

రేపు స్టాల్ ముందు వేలాడదీయాల్సిన గోనె సంచిని పరిచేసరికి కింద బల్ల కనబడకుండా పోయింది.

"నలభై సెంటీమీటర్లని చెప్పాను కదా, అప్పలమ్మత్తా," అంది కౌముది నీరసంగా.

"నలభై అన్నావు, నలభై కుట్టాను. అంగుళాలు తప్ప టేపుకి రెండో పక్క నానెప్పుడు సూశాను?"

బయట వ్యాన్ సిద్ధంగా ఉంది. రేపు విశాఖపట్నం ఎగ్జిబిషన్‌లో ఒక్క ఆర్డరైనా రాకపోతే నెల్లిమర్లలోని ఈ షెడ్డులో పదకొండు కుట్టుమిషన్లూ ఆగిపోతాయి. ఇంకో సంచి కుట్టే వ్యవధి లేదు.

"దీన్లో ఏటి పెడతాం, ఏనుగునా?" అన్నాడు డ్రైవర్ స్టాన్లీ.

"ముందు నన్ను పెట్టు. గెడ దూర్చి ఎత్తండి," అంటూ అప్పలమ్మ చీర సర్దుకుని సంచిలో కూర్చుంది.

రెండు పిడుల్లోంచీ వెదురు గెడ దూర్చి, కౌముదీ స్టాన్లీ చెరో వైపు భుజానికెత్తుకున్నారు. దారం తెగే చప్పుడు వస్తుందేమోనని కౌముది చెవి పెట్టి వింది. ఒక్క కుట్టూ కదల్లేదు. సంచి అంచు మీంచి అప్పలమ్మ కొప్పూ కళ్లజోడూ మాత్రమే కనిపిస్తూ అటూ ఇటూ ఊగాయి.

కౌముదికి నవ్వు ఆగలేదు. తమ కుట్టు ఎంత గట్టిదో చెప్పడానికి వారం రోజులుగా ఇంగ్లీషులో ఓ ఉపన్యాసం బట్టీ పడుతోంది. ఆ ఉపన్యాసమంతా ఇప్పుడు గెడకి వేలాడుతోంది.

"స్టాన్లీ, వ్యాన్‌లో ఈ గెడ కూడా ఎక్కించు. రేపు స్టాల్‌కి వచ్చినవాళ్లని ఇందులో కూర్చోబెడదాం."

"మరి మోసేదెవరమ్మా?" అన్నాడు స్టాన్లీ రొప్పుతూ.

"అది రేపు సూద్దాం. ఇప్పుడు మాత్రం దించకురా," అంది సంచిలోంచి అప్పలమ్మ. "పదిహేనేళ్లు మిషన్ మీద వంగిన నడుం. ఇయ్యాలే హాయిగా ఉన్నాది."