గుడ్డు రాని వంటిల్లు

"మీ ఆయన ఆమ్లెట్టు తింతే ఆ పెనం ఎవులు తోముతారమ్మా?"

బ్రెడ్డు కొనడానికి వచ్చిన మనిషి అడగాల్సిన మాటేనా ఇది? ఉమామహేశ్వరి పిండి పిసకడం ఆపి ఆవిడ వైపు చూసింది.

"మా ఇంట్లోకి గుడ్డే రాదండీ. ఆయనకి కావాలంటే బయట తిని రావాల్సిందే."

"మరి అబ్బాయి?"

"వాడెప్పుడో మానేశాడు."

ఆవిడ ఏదో తేల్చుకున్నట్టు తలాడించింది.

ఆవిడ పేరు పైడితల్లి. భర్తకి టాటానగర్‌ రైల్వేలో ఉద్యోగం. ఇల్లు ఊరి అవతలి కొసన, మాంగో పేటలో. ఇంట్లో ఒకరికి గుడ్డు పడదని చెప్పి ఈమధ్య శనివారం శనివారం వస్తోంది. అక్కణ్నుంచి వీళ్లుండే సోనారికి రావాలంటే నది దాటాలి, ఆటో మారాలి. ఒక్క బ్రెడ్డు కోసం అంత దూరం ఎవరొస్తారు?

ఉమామహేశ్వరి ఇంట్లో బ్రెడ్డు, పిజ్జా బేసులు చేసి అమ్మడం మొదలుపెట్టి ఏడాది దాటింది. గుడ్డు పడనివాళ్ల కోసమే చెయ్యమని పట్టుబట్టినవాడు కొడుకు సాకేత్. ఊరి బయట గమ్హరియాలో ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరు. "అలాంటివాళ్లు ధైర్యంగా తినే బ్రెడ్డు ఈ ఊళ్లో ఎక్కడా దొరకదు మమ్మీ" అన్నాడు. గుడ్డుకి బదులు పెరుగూ, నానబెట్టిన అవిసెగింజల పొడీ వేసి చూసింది. పైన మెరుపుకి పాలు రాసింది. దూదిలా వచ్చింది. పేరూ వచ్చింది. ఆ కిటుకేదో కనుక్కురమ్మని ఒక బేకరీవాళ్లు అప్పుడే మనిషిని కూడా పంపారు.

పైడితల్లి కూడా ఆ బాపతే అనుకుందామంటే, ఆవిడ కిటుకు అడగదే! పిండిలో ఏం కలుపుతున్నారో చూడనైనా చూడదు. ఫ్రిజ్‌ తెరిచి చూడొచ్చా అంటుంది. గిన్నెలు తుడిచే గుడ్డ వాసన చూస్తుంది. పండక్కి చుట్టాలొస్తే ఏం వండుతారు, మీ మాట మీ ఆయన వింటారా, అబ్బాయి ఇంటికి ఏ వేళకి వత్తాడు... అన్నీ ఇవే.

ఒక శనివారం పైడితల్లి అలా వెళ్లగానే పక్కింటి నందిత పరుగున వచ్చింది.

"ఆంటీ, ఇప్పుడు మీ దగ్గర బ్రెడ్ తీసుకున్నావిడ లేరూ! దాన్ని సందు చివర ఆటో అతని చేతిలో పెట్టేసి వెళ్లిపోయారు."

ఉమామహేశ్వరి గబగబా గుమ్మంలోకి వచ్చి సందు చివరికి చూసింది. అంటే గుడ్డు పడనివాళ్లూ లేరు, ఎవరూ లేరు. ఇల్లు చూసుకుపోవడానికే వస్తోంది ఈ మనిషి!

సాయంత్రం సాకేత్‌తో చెప్పింది. వాడు టీ కప్పులోంచి తలెత్తలేదు.

"అరే మమ్మీ, ఛోడో నా, వదిలెయ్. అడిగితే చెప్పేస్తే ఏం పోయింది?"

"ఏటి పోయిందా? రేపు బీరువా విరగ్గొట్టుకుపోతే?"

వాడికి పొలమారింది. దగ్గుకుంటూ లేచి వెళ్లిపోయాడు.

మళ్లీ శనివారం పైడితల్లి వచ్చేసరికి వంటింట్లో హడావిడిగా ఉంది. అదే వీధిలో ఒక పిల్లాడి పుట్టినరోజు. వాడికి గుడ్డు పడదు. సాయంత్రానికి పిజ్జా బేసులు కావాలన్నారు. బేసిన్‌ నిండా పిండి పొంగి ఉంది. ఇవాళ ఈవిడ సంగతి తేల్చెయ్యాలి అనుకుంటూ ఉమామహేశ్వరి ఓవెన్‌ వెలిగించింది.

అంతలో భర్త త్యాగరాజు బయటినుంచి వచ్చాడు. వస్తూనే పిండిలో వేలు గుచ్చాడు.

"బాగా పొంగిందే!"

"చేతులు కడుక్కున్నారా?"

"లేదు. దార్లో ఎగ్‌ రోల్‌ తిని వత్తన్నా. ఏటి?"

ఉమామహేశ్వరి బేసిన్‌ ఎత్తి పిండంతా చెత్తబుట్టలో కుమ్మరించింది.

"అయ్యో, ఒక్క వేలే కదే! ఓవెన్లో అంతా కాలిపోద్ది. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది. ఆ పిల్లాడి గొంతు వాచిపోతే మీరొచ్చి ఊపిరి పోస్తారా?"

త్యాగరాజు అవతలికి నడిచాడు. ఆమె బేసిన్‌ని సబ్బుతో తోమి, బల్ల తుడిచి, చేతులు కడుక్కుని, మళ్లీ మైదా తీసింది. సాయంత్రానికి అందించగలనా అనుకుంటూ గడియారం వైపు చూసింది.

ఇటు తిరిగేసరికి పైడితల్లి గుమ్మంలో కూలబడి ఉంది. కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

ఉమామహేశ్వరికి ఒళ్లు మండిపోయింది.

"ఇంక చాలండీ. ఆ బ్రెడ్డు మీరు తినరు, ఇంట్లో ఎవరికీ పెట్టరు, ఆటోవాడికి ఇచ్చేస్తారు. నా కొడుకు ఎప్పుడొస్తాడో మీకెందుకు? నిజం చెప్పండి, ఎవరు పంపారు మిమ్మల్ని? ఏటి కావాలి?"

పైడితల్లి మెల్లగా లేచింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి నవ్వింది. దగ్గరికొచ్చి, మైదా అంటిన ఆమె చేతులు రెండూ పట్టుకుంది.

"మా అమ్మాయి ఉజ్వలకి గుడ్డు తగిల్తే ఊపిరాడదు వదినగారూ, అదేమో మీ సాకేత్‌ని తప్ప ఇంకెవుల్నీ చేసుకోనంతంది."