పసుపు నీళ్లు

“పసుపు తేక్కా! పిరికెడు చాలు!” కారు కింద నుంచి వీరప్ప కేక పెట్టాడు.

మారెక్క డబ్బా తెచ్చింది కానీ చేతికివ్వలేదు.

“రేడియేటరుకు పసుపేందప్పా? దానికేమన్నా పెండ్లా?”

“పెండ్లే అనుకో. బళ్లారి ఆసామి చూపులకొస్తాండాడు. నీళ్లు కారేది కనపడితే సంబంధం తప్పిపోతాది.”

“తప్పిపోనీ!” మారెక్క డబ్బాను బానెట్ మీద ఠంగున పెట్టి లోపలికి పోయింది.

వీరప్పది తాడిపత్రి. పక్కన ప్లగ్గులు గీకుతున్న రంగన్నది రాప్తాడు. ఈ కారూ, ఇల్లూ బత్తలపల్లెలో ఉండే చెన్నప్పవి; మారెక్క అతని పెళ్లాం. అతనికి ఉన్నట్టే ఆ ఇద్దరికీ పాత అంబాసిడర్లే. బాడుగకు తిప్పుకుంటారు. ముగ్గురిలో ఎవరి బండి మొరాయించినా మిగతా ఇద్దరూ తమ బండ్లలోంచి ఏదో ఒకటి ఊడబెరుక్కుని వచ్చేస్తారు. ఆ పొద్దున రంగన్న ప్లగ్గులు తెచ్చాడు. వీరప్ప హోసు పైపు తెచ్చాడు.

వీరప్ప పసుపు కలిపిన నీళ్లు రేడియేటర్లో పోసి ఇంజను స్టార్ట్ చేయించాడు. నీళ్లు కాగేకొద్దీ పొడి చిల్లుల్లో చేరి పూడ్చేస్తుంది. కింద పడుతున్న పచ్చటి చుక్కలు ఒక్కొక్కటే తగ్గి, ఆగిపోయాయి.

“రేడియేటరు గట్టిదాయ. హారనేదప్పా?” అన్నాడు వీరప్ప.

“వైరు మాడిపోయింది. నా కాడ వేరేది లేదు,” అన్నాడు రంగన్న.

“వైపరుది పీకు,” అన్నాడు చెన్నప్ప. “దానికేం పనుండాది ఈ సీమలో?”

ముగ్గురూ నవ్వారు. కాసేపట్లో హారన్ వీధంతా మోగింది.

నవ్వు ఆగాక రంగన్న మెల్లగా అడిగాడు. “నిజంగానే బెంగుళూరుకు పోతావా?”

“ఇంగేం చేసేది? మూడేండ్లు విత్తితి, మూడేండ్లూ మాడిపాయ. బాయి ఎండిపాయ. ఈ కారు అమ్ముకుంటే ఆడ ఒక గది బాడుగకు తీసుకోవచ్చు. ఎవురి కారన్నా తోల్తా.”

“మరి చేను?”

“గుట్టవతల అట్నే పడుంటాది. దాన్ని ఎవురెత్తకపోతారు? ఇంట్లో చెనిక్కాయ విత్తనం మూటొకటుండాది. దాన్ని కూడా ఈ పొద్దే కొట్టోనికేస్తా.”

“ఆ మూట మీద చెయ్యేస్తే చూడు!” లోపలి నుంచి మారెక్క అరిచింది. “పునర్వసు కార్తె ఇంకా పోలేదు, విత్తే అదనుండాది!”

“మూట మీదే కూర్చోనుండాది పొద్దున్నుంచి,” అన్నాడు చెన్నప్ప తల వంచుకుని. “వంట కూడా చేయలే.”

బళ్లారి ఆసామి జీపులో దిగాడు. టాక్సీల వ్యాపారం ఆయనది. బ్రేకు తొక్కాడు, క్లచ్చు తొక్కాడు, దీపాలు వేశాడు, హారన్ కొట్టాడు. నేల మీదికి వంగి చూశాడు.

“నీళ్లు కారతాదా?”

“చుక్క కారదు సామీ!” మూడు గొంతులు ఒకేసారి పలికాయి.

“ఒక రౌండు పోయొస్తాం.”

ఆసామి స్టీరింగ్ పట్టుకున్నాడు. చెన్నప్ప పక్కన కూర్చున్నాడు. కారు గుట్ట మలుపు తిరిగి కనుమరుగైంది.

వెళ్లిన కారు ఎంతకీ రాలేదు. ఎండ చుర్రుమంటోంది. రంగన్న బీడీ మీద బీడీ కాల్చాడు. వీరప్ప గుట్ట వైపు నుంచి చూపు తిప్పలేదు. మారెక్క గడపలోకి వచ్చి నిలబడింది.

చివరికి హారన్ వినిపించింది. కారు నత్తలా పాకుతూ వచ్చి వాకిట్లో ఆగింది. ముందు భాగమంతా నీళ్లు కారుతోంది.

ఆసామి దిగి తలుపు దభీమని వేశాడు. “ఇదీ ఒక కారా? ముందర రోడ్డే కనపడలేదు! చింతచెట్టుకు గుద్దేవాణ్ణి! ఈయప్ప తల బయటికి పెట్టి దారి చెప్తా వస్తే బతికొచ్చినా. మీరే పెట్టుకోండి!”

జీపు దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది.

“పగిలిపోయినట్టుంది రేడియేటరు!” రంగన్న నెత్తి కొట్టుకున్నాడు. “ఆవిరి అద్దాన్ని కప్పేసింటాది.”

చెన్నప్ప దిగాడు. జుట్టు, చొక్కా తడిసి ముద్దయ్యాయి. కళ్లు ఎర్రగా ఉన్నాయి. గడప వైపు రెండడుగులు వేశాడు.

మారెక్క పరిగెత్తుకొచ్చి అతని మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. “మొగాన చిమ్మిందా? కాలిందా?”

చెన్నప్ప తల అడ్డంగా ఊపాడు. కాలిన మొహం కాదు. ఆమె చేతులకు చల్లగా తగిలింది.

వీరప్ప గుడ్డ చుట్టి రేడియేటరు మూత తిప్పాడు. లోపలికి తొంగిచూసి నోరు తెరిచాడు.

“నిండుగా ఉండాదే! పోసింది పోసినట్టే ఉండాది.”

వంగి బంపరు కింద అరచేయి పట్టాడు. చుక్కలు టపటపా పడ్డాయి. చేతిని ఎండలోకి తెచ్చి చూసుకున్నాడు.

“దీంట్లో పసుపే లేదు. చెన్నా, ఈ నీళ్లు యాడివప్పా?”

చెన్నప్ప పెళ్లాం చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

“ఆ విత్తనం మూట బయటికి తే మారీ.”

మారెక్క చేతులు విడిపించుకుంది. “ఎందుకు? అమ్మేకా?”

“మన చేను మీద వాన పడతాండాదే!”