చిలక ముక్కు

ఆ పెద్దమనిషి గోడను తట్టి చూడకుండా వెళ్లిపోతే చాలు, పోచమ్మకు కొబ్బరికాయ కొడతానని హనుమంతు పొద్దున్నే మొక్కుకున్నాడు.

కానీ తట్టి చూడటమే ఆ పెద్దమనిషి పని. పేరు వెంకటేశ్వరరావు. పాత కట్టడాల కమిటీ సభ్యుడు. జూబ్లీహిల్స్ బండల మధ్య ఉన్న ఈ సర్కారు కచేరీ బంగళాకు చరిత్ర ఉందని ఆయన రాస్తే ఉంచుతారు, లేదని రాస్తే కూలుస్తారు. కూలిస్తే ఇక్కడ పదంతస్తుల అద్దాల మేడ వస్తుంది. అందులోకి సాఫ్ట్‌వేర్ కంపెనీ వస్తుంది. ఇరవై ఆరేళ్లుగా వెనక గదిలో కాపురముంటున్న వాచ్‌మన్ హనుమంతు, అతని భార్య బుచ్చమ్మ రోడ్డు మీదికి వస్తారు.

బంగళా పాతదే. నిజాం కాలంలో రాళ్లతో కట్టిందే. కాకపోతే వెనకనుంచి చూస్తే అచ్చం ధాన్యం గిడ్డంగి. కంటికి ఇంపుగా ఉన్నదంతా ముందువైపే. పెద్ద కమాను, సన్నని స్తంభాలు, కమాను మీద వరసగా చిలకలు. ఆ సోకంతా ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్.

పన్నెండేళ్ల కిందట ఫిల్మ్‌నగర్ నుంచి సినిమావాళ్లు వచ్చి అతికించారు. ఆ నెల హనుమంతు బావమరిది పెళ్లని ఊళ్లో ఉన్నాడు. తిరిగొచ్చేసరికి వాళ్లు రాజదర్బారు సీన్లు తీసేసి, గుమ్మడికాయ కొట్టేసి, సెట్టింగు విప్పకుండానే వెళ్లిపోయారు. మర్నాడే కొత్త ఆఫీసరు తనిఖీకి వచ్చి, "బంగళాని భలే కాపాడావయ్యా!" అని భుజం తట్టాడు. అంత మెచ్చుకున్నాక నిజం చెప్పి ఆయన్ని చిన్నబుచ్చడం బాగుండదని హనుమంతు ఊరుకున్నాడు. అప్పటినుంచి ఏటా ఉగాదికి సున్నం కొడుతూనే ఉన్నాడు.

పదింటికి కారు వచ్చింది. వెంకటేశ్వరరావు వెంట ఇంజనీరు ప్రణతి కూడా దిగింది. ఆ అమ్మాయి మెడలో కెమెరా ఉంది. చేతిలో చిన్న సుత్తి ఉంది. హనుమంతు చూపు సుత్తి మీదే ఆగిపోయింది.

పెద్దాయన మాత్రం గేటు దగ్గరే నిలబడిపోయాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"అబ్బబ్బ! ఏం పనితనం! చేసినవాడెవరోగానీ మహానుభావుడమ్మా, ప్రణతీ. ఆ చేతులకి దండం పెట్టాలి."

హనుమంతుకు పొలమారింది.

"ఏమైందయ్యా?"

"ఏం లే సార్. దుమ్ము."

పెద్దాయన కమాను కిందికి వెళ్లి తలెత్తి చిలకల్ని లెక్కపెట్టాడు. "ఆరే ఉన్నాయేంటి? ఏడుండాలే!"

ఏడోది పోయిన వానాకాలంలో రాలిపడి పిండైంది. ఊడ్చి పోసింది హనుమంతే.

"ఆరే సార్. మా తాతల కాలం నుంచి గీడ ఆరే ఉన్నయి."

"కాదయ్యా. ఏడుంటేనే నడిమధ్యలో ఒకటి కూర్చుంటుంది. అంత మంచి పనివాడు ఆరు పెట్టడు."

లేనిదాన్ని కూడా చూడగలుగుతున్నాడంటే ఎంత చదువు చదివాడో! హనుమంతుకు చెమటలు పట్టాయి.

ప్రణతి స్తంభం దగ్గరికి నడిచింది. "సార్, ఇది రాయేనంటారా? ఒక్కసారి కొట్టి చూస్తానండీ."

"వద్దు మేడం! తేనెతుట్టె ఉన్నది. జర సప్పుడైనా మీదికొస్తయి!"

"ఏదీ? నాకేం కనబడట్లేదే."

"గీడ్నే ఉండె మేడం. పొద్దుగాల ఎటో పోయినయి."

ప్రణతి నవ్వి సుత్తి ఎత్తింది.

"ఆగమ్మా!" అన్నాడు వెంకటేశ్వరరావు. "సుత్తి సంచిలో పెట్టెయ్. ఇలాంటి పనిని కళ్లతో చూడాలి."

పోచమ్మకు రెండో కొబ్బరికాయ కూడా ఖాయం చేసుకున్నాడు హనుమంతు. సరిగ్గా అప్పుడే టప్పుమని మూడో చిలక ముక్కు ఊడి కిందపడింది. విరిగినచోట సుద్దముక్కలా తెల్లగా ఉంది. హనుమంతు గబుక్కున దానిమీద కాలు పెట్టాడు.

"కాలు తియ్," అన్నాడు పెద్దాయన.

తీయక తప్పలేదు. ఆయన వంగి ముక్కు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ల్యాబ్‌కి పంపిద్దామా సార్?" అంది ప్రణతి.

"నేను చూసుకుంటాలే," అంటూ చొక్కా జేబులో వేసుకున్నాడు.

హనుమంతుకు ఏడుపొచ్చినంత పనైంది. బుచ్చమ్మ పొయ్యి, నీళ్ల డ్రమ్ము, ఇనప మంచం, ఇవన్నీ పట్టుకుని ఎక్కడికి పోవాలి? యూసుఫ్‌గూడలో ఒక్క గది కిరాయికి కూడా తన జీతం చాలదు.

వెనకవైపు నిజం రాళ్లగోడను పెద్దాయన అర నిమిషం చూసి, "ఆఁ, బాగానే ఉంది," అన్నాడు. మళ్లీ ముందుకొచ్చి కారు బానెట్ మీద కాగితం పెట్టుకుని రాశాడు. రాసింది పైకే చదివాడు.

"అపురూపమైన కట్టడం. ఒక్క రాయి కూడా కదపరాదు."

ప్రణతి సంతకం చేసి కారెక్కింది. హనుమంతు తాను విన్నది తానే నమ్మలేకపోయాడు.

"ఏమంటుండ్రయ్యా?" అని బుచ్చమ్మ గోడ వెనకనుంచి తొంగిచూసింది.

"ఉంచుతరంట!" అన్నాడు.

వెంకటేశ్వరరావు అతన్ని కమాను పక్కకి పిలిచాడు. జేబులోంచి చిలక ముక్కు తీసి అతని అరచేతిలో పెట్టి, గుప్పిట మూశాడు.

"వానలు పడేలోపు వీటికి ఇంకో రెండు పూతలు వేయించవయ్యా," అన్నాడు గొంతు తగ్గించి, "అప్పట్లో నిర్మాత తరుముతుంటే నేను ఒక్క పూతతోనే సరిపెట్టేశాను."