పందిరి నీడ

పెన్న పొంగి మా పాలెం మునిగిన ఏడాది, ఇంగ్లండు కంపెనీ ఒకటి సబ్బు ప్రకటన తీయడానికి మైపాడు ఒడ్డుకు వచ్చింది. వాళ్లకు మా పడవలు కావాలి.

మద్రాసు సినిమా సంఘం మనిషి పద్మనాభయ్య ముందురోజే వచ్చి, మా ఇంట్లో చేపల పులుసు తిన్నాడు.

"పై దేశమోళ్లు ఇక్కడ తీస్తే, మా సంఘంలోంచి ఒక అసిస్టెంటు డైరెక్టర్ని పెట్టుకోవాల, అన్నా. అది రూలు. నన్ను ఒద్దంటుండారు. కష్టం చేసేవోళ్లం మనం ఒకటి. రేపు పడవలు దించబాకండి."

దించలేదు. మధ్యాహ్నానికి దొర ఒప్పుకున్నాడు. పద్మనాభయ్యకు టోపీ, ఈల ఇచ్చారు. మేం సంబరంగా పడవలు దించాం.

ఆయన ఈల ఊది ఊది, నా భార్య చెంచమ్మను నెత్తిన గంపతో కెమెరా ముందు ఎండలో పదే పదే నడిపించాడు. ఆమె షూటింగుకని ఒడ్డున వేసిన పందిరి నీడలో కూలబడింది.

"ఏయ్, లెయ్! పందిరి సంఘమోళ్లకి."

"కళ్లు తిరుగుతుండాయి సామీ."

"కార్డుందా నీకు? లేనోళ్లకు ఇక్కడ చోటు లేదు. రూలు."

"నిన్న పులుసు పోసేటప్పుడు నేను కార్డు అడగలేదే," అంది చెంచమ్మ.

పద్మనాభయ్య నావైపు తిరిగాడు. "ఏయ్ పడవోడా, దీన్ని తీసకపో."

నిన్న ఆయన నోట నేను 'అన్నా'. నా నోట్లో ఉప్పునీళ్లు ఊరాయి. ఉమ్మేసి, చెంచమ్మను లేపాను.

"రేపూ ఇక్కడేనా తీసేది?" అన్నాను.

"ఇక్కడే. ఇసక శుభ్రంగా ఉండాల."

మర్నాడు తెల్లారగానే, పాలెంలో ఉన్న కంపుగొట్టే కవళ్ల చేపలన్నీ తెచ్చి ఆ పందిరి చుట్టూ ఎండబోశాను.