మొక్కజొన్న చేలో అమెరికా కచేరీ

ఈ ఏడు వెంకటనారాయణ చేలో మైకు పాట మారింది.

రెండేళ్ళపాటు ఆ మైకులో వచ్చింది అతని భార్య సుబ్బరావమ్మ గొంతు. "లేవయ్యా! పందులొచ్చి చేనంతా నాకేస్తుంటే మంచె మీద గుర్రు పెడతావా? అసలు నువ్వు మనిషివేనా?" ఆమె మొగుణ్ణి లేపుతుంటే పక్కచేను ప్రేమ్‌చంద్ సరదాకి ఫోనులో పట్టాడు. ఆ ముక్క ఫోనులోంచి మెమరీ కార్డులోకి మార్చి మైకుకి పెడితే, వినుకొండ వైపు కొండల్లోంచి దిగే అడవిపందులు గట్టు మీదినుంచే వెనక్కి తిరిగేవి. తిట్లు తినేది వెంకటనారాయణ, పరిగెత్తేది పందులు.

ఈసారి విత్తనం వేశాక వెంకటనారాయణ ఆ కార్డు మైకులోంచి తీసేశాడు. పసుపుగుడ్డలో చుట్టి దేవుడి గూట్లో పెట్టాడు. ఎందుకని ఊళ్ళో ఒక్కరూ అడగలేదు.

చుట్టూ అంతా మిరప, పత్తి. పందులు వాటి జోలికి పోవు. మిరప ధర దెబ్బకొట్టిందని మూడేళ్ళుగా మొక్కజొన్న వేస్తున్నది వెంకటనారాయణా, ప్రేమ్‌చందూ మాత్రమే. ఇంటికి ఈ ఏడు ఆధారం ఆ చేనే. మైకులో ఏదో ఒకటి మోగాలి.

సినిమా పాటలు పెట్టాడు. పందులు వారం తిరక్కుండా అలవాటుపడ్డాయి. కుక్కల అరుపులు పెట్టాడు. ఊళ్ళో కుక్కలన్నీ దానికి బదులు చెప్పడం మొదలెట్టాయి. సర్పంచి కబురు పెట్టి ఆపించాడు.

అప్పుడొచ్చింది మహతి. వెంకటనారాయణ తమ్ముడి కూతురు, గుంటూరులో వయొలిన్ నేర్చుకుంటోంది. తన దగ్గర అమెరికా వాళ్ళ కొత్త రికార్డింగులు ఉన్నాయంది. రెండు వయొలిన్లు, వాటికంటే కాస్త పెద్ద వయోలా ఒకటి, నేలకి ఆనించి వాయించే చెల్లో ఒకటి. నలుగురు ఒక గదిలో కూచుని వాయించే సంగీతం. పాతకాలం వాళ్ళది కాదట, ఇప్పుడు బతికున్నవాళ్ళు రాసిందట.

"పందులు దీనికీ అలవాటు పడితేనో?" అన్నాడు వెంకటనారాయణ.

"మనుషులే ఇంకా అలవాటు పడలేదు పెదనాన్నా."

వరండాలో పెట్టి వినిపించింది. ఒక వయొలిన్ కీచుమంది. రెండోది దాన్ని తరుముకుంది. చెల్లో ఆయన కమాను పక్కన పడేసినట్టున్నాడు, వాయిద్యాన్ని అరచేత్తో చరిచాడు. వంటింట్లోంచి సుబ్బరావమ్మ బయటికొచ్చింది. ఒక చెవి భుజానికి ఆనించి, రెండో చెవి చేత్తో మూసుకుని, గరిటెతో వీధిగుమ్మం చూపించింది.

"పెద్దమ్మకి నచ్చలేదు," అంది మహతి నొచ్చుకుంటూ.

"అయితే పనిచేస్తుంది," అన్నాడు వెంకటనారాయణ.

పనిచేసింది. తెల్లారి చూస్తే పందుల అడుగులు గట్టుదాకా వచ్చి, అక్కడే గజిబిజిగా తిరిగి, ప్రేమ్‌చంద్ చేలోకి పోయాయి. మధ్యాహ్నానికల్లా ప్రేమ్‌చంద్ వచ్చి తనకీ అమెరికా కావాలన్నాడు.

అక్కణ్ణించి మహతి కొత్తవి పంపుతూనే ఉంది. టీకొట్టు దగ్గర ఇద్దరు రైతులూ వాటి మంచిచెడ్డలు చెప్పుకునేవాళ్ళు. మొన్నటివాళ్ళు చేవగా గీకారని ఒకడు, నిన్నటి వయోలా మనిషికి కసి చాల్లేదని ఇంకొకడు. ఒకాయన పాట మధ్యలో ఏమీ వాయించకుండా ఖాళీలు వదిలాడు. ఆ ఖాళీల్లో పందులు దిగాయి. అది గొప్ప పేరున్న రచన అని మహతి చెప్పబోతే, ఉండొచ్చమ్మా, మనకి మాత్రం సందు లేకుండా వాయించేవాళ్ళు కావాలన్నాడు వెంకటనారాయణ.

కంకి పాలు పోసుకునే వేళకి సరికొత్త రికార్డింగొకటి వచ్చింది. మహతి చాలా మెచ్చుకుంది. ఆ మాట నమ్మి, వినకుండానే ఇద్దరూ మైకులకి పెట్టేశారు.

తెల్లారి చూస్తే చేలో ఓ మూలంతా నేలమట్టం. తిన్నంత తిని, దంట్లు పడగొట్టి, వాటి మీదే గుండ్రంగా పడుకుని పోయాయి పందులు.

"నిదానంగా, హాయిగా ఉంది బాబాయ్," అన్నాడు ప్రేమ్‌చంద్. "నాకే కునుకు పట్టింది. పందుల్ని అనేం లాభం?"

కాసేపు గట్టు మీద మట్టి గెలికాడు. తర్వాత తలెత్తకుండానే, దేవుడి గూట్లో ఉన్న కార్డు కోతలయ్యేదాకా పెడదామన్నాడు.

వెంకటనారాయణ పడిపోయిన దంటొకటి ఎత్తి నిలబెట్టబోయాడు.

"ఊరికే పడుందిగా బాబాయ్. పిన్ని గొంతు ముందు ఈ అమెరికా వాళ్ళెంత?"

"చేను మొత్తం పోయినా సరే, అది పెట్టను."

ఇంటికొచ్చేసరికి ఈ కబురు అతనికంటే ముందే చేరింది. సుబ్బరావమ్మ కంచం ముందు పెట్టిన చప్పుడుకి పిల్లి గోడ దూకింది. నీళ్ళచెంబు పెట్టిన చప్పుడు దానికంటే పెద్దది. అన్నం వడ్డించకుండా దేవుడి గూటి దగ్గరికి పోయి, పసుపుగుడ్డ విప్పి, కార్డు తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. వేళ్ళు ముడిచి గట్టిగా నొక్కింది. చెయ్యి చాచి చేను వైపు చూపించింది.

"వద్దే," అన్నాడు వెంకటనారాయణ. "రేపణ్ణించి మంచె మీద నేనే కూచుంటా. డబ్బా వాయిస్తా. నిద్రపోను."

ఆమె నమ్మలేదు. అతను నిద్రపోతే ఎలా ఉంటాడో, తల వాల్చి, నోరు తెరిచి చూపించింది.

అతనికి నవ్వొచ్చింది. లేచి ఆ కార్డుని మళ్ళీ గుడ్డలో చుట్టి, గూట్లో దేవుడి పటం వెనక్కి తోశాడు.

"పందులకా, నీ గొంతు?" అన్నాడు.

పోయిన వేసవిలో గొంతుకి ఆపరేషన్ చేశాక సుబ్బరావమ్మ మాటన్నది ఇంక ఆ కార్డులో తప్ప ఎక్కడా లేదు.