సంతకానికి మంచిరోజు

కీలియాంగ్ కలం మూత తీశాడో లేదో, కాగితం మీద ముడతలు పడ్డ చెయ్యి ఒకటి వచ్చి పడింది.

"నువ్వు ఏ ఏడు పుట్టావు?"

తలెత్తి చూస్తే తెల్ల బనియన్ వేసుకున్న ముసలాయన. చెప్పాపెట్టకుండా వచ్చి, కీలియాంగ్, పెట్టుబడి కాగితాలు తెచ్చిన డెస్మండ్ ఉన్న బల్ల దగ్గరే కూర్చున్నాడు. మలేషియాలోని పెనాంగ్ కాఫీ కొట్లలో ఖాళీ కుర్చీ ఎవరికైనా సొంతమే. కాదంటే మర్యాద కాదు.

"కోడి ఏడు," అన్నాడు కీలియాంగ్, చైనీస్ ఏళ్ళ లెక్కలో.

"అయితే ఇవాళ సంతకం మాట ఎత్తకు. కోడికి ఇవాళ బొత్తిగా పడదు. నమ్మకపోతే క్యాలెండర్ చూడు."

గోడకు రోజుకో కాగితం చింపే చైనీస్ క్యాలెండర్ వేలాడుతోంది. మంచీ చెడూ, ముహూర్తాలూ వర్జ్యాలూ అన్నీ అందులోనే.

కీలియాంగ్ పుట్టింది చైనీస్ ఇంట్లోనే గానీ చదువంతా మలయ్ బడిలో. చైనీస్ అక్షరాలు ఒక్క ముక్క రావు. రావని నలుగురిలో ఒప్పుకోవడానికి నామోషీ.

గోడ వైపు చూసి, చదివినట్టే తలూపాడు.

"అవునవును. రేపు పెట్టుకుందాం డెస్మండ్."

డెస్మండ్ ముసలాయన ముఖం వైపు చూడను కూడా చూడలేదు. చెవుల దాకా ఎర్రబడి, కాగితాలు సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పెద్దవాళ్ళకు ఎదురు చెప్పని కుర్రాడు, అని కీలియాంగ్ మురిసిపోయాడు.

నలభై తొమ్మిదేళ్ళకే ఫ్యాక్టరీ ఉద్యోగం వదిలేశాడు కీలియాంగ్. ముందే వెళ్ళిపోయేవాళ్ళకు కంపెనీ ఇచ్చిన మూడు లక్షల రింగిట్లు బ్యాంకులో వేశాడు. పొద్దున్నే సముద్రంలో ఈత, తర్వాత కాఫీ, మధ్యాహ్నం కునుకు. ఆ బతుకు హాయిగానే ఉంది.

కానీ బజారుకు వెళ్ళిన ప్రతిసారీ గుండె గుబేలుమనేది. చేపల ధర పెరుగుతోంది, బ్యాంకు వడ్డీ పెరగడం లేదు. డబ్బు ముందు అయిపోతుందా, తను ముందు పోతాడా?

"ఉన్నదాంట్లో సర్దుకుందాం. డబ్బు తగ్గినా నీకు నిద్ర పెరిగిందిగా," అనేది భార్య స్యూచిన్.

డెస్మండ్ మాత్రం ఆ డబ్బు తన కంపెనీలో పెడితే నూటికి నెలకు రెండు వడ్డీ ఇప్పిస్తానన్నాడు. అంటే నెలకు ఆరు వేలు! ఇక చచ్చేదాకా ధరల వంక చూడక్కర్లేదు.

మర్నాడు మళ్ళీ కాఫీ కొట్టు. మళ్ళీ కాగితాలు. మళ్ళీ ముసలాయన.

"ఇవాళ ఇల్లు కట్టుకోవచ్చు, పెళ్ళి చేసుకోవచ్చు. సంతకం మాత్రం కూడదు."

"పెళ్ళయిపోయింది పెద్దయ్యా!"

"అయితే కాఫీ తాగి ఇంటికి పో."

మూడోరోజు గ్రహాలు బాగాలేవన్నాడు. నాలుగోరోజు దిక్కు బాగాలేదన్నాడు. అయిదోరోజు ఏదీ దొరకక, "కాగితం రంగు బాగాలేదు," అన్నాడు.

అలా పదకొండు రోజులు గడిచాయి.

"సార్, ఇక్కడ పని జరగదు," అన్నాడు డెస్మండ్ చివరికి, గొంతు తగ్గించి. "రేపు తొమ్మిదింటికి మా ఆఫీసుకి రండి."

అతను లేచి వెళ్ళాక ముసలాయన కీలియాంగ్ చెయ్యి పట్టుకున్నాడు.

"వెళ్ళకు నాయనా. ఒక్క రోజు ఆగు."

కీలియాంగ్‌కు ఒళ్ళు మండింది. చెయ్యి విదిలించుకున్నాడు.

"ఎందుకు ఆగాలి? మీకు పూట గడవకపోతే ఇంకొకడు బాగుపడకూడదా? ఎంత కుళ్ళండీ మీకు! మళ్ళీ నా బల్ల దగ్గర కూర్చోకండి."

కొట్టంతా ఇటు తిరిగి చూసింది. ముసలాయన కాఫీ సగంలో వదిలేసి, మెల్లగా లేచి బయటికి నడిచాడు.

మర్నాడు తొమ్మిదింటికి డెస్మండ్ ఆఫీసు ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. తలుపులకు పోలీసుల సీలు. ఒకామె మెట్ల మీద కూలబడి, "నా పింఛను డబ్బంతా ఇక్కడే పోశాను దేవుడా!" అని ఏడుస్తోంది.

కీలియాంగ్ ఫుట్‌పాత్ మీద కూర్చుని స్యూచిన్‌కు ఫోన్ చేశాడు.

"పోయిందా?" అంది ఆమె, విషయం వినగానే.

"లేదే, పోలేదు! పైసాతో సహా మన బ్యాంకులోనే ఉంది!"

నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. కొండంత బరువు దిగిపోయింది. చేపల ధర ఎంతైనా పెరగనీ, వారానికోసారి తిందాం, అనుకున్నాడు.

అంతలో ముసలాయన గుర్తొచ్చాడు. పరుగులాంటి నడకతో కాఫీ కొట్టుకు వచ్చాడు.

"స్వీలాన్ అక్కా, పెద్దయ్య రాలేదా? కాళ్ళు పట్టుకోవాలి ఆయనవి. ఆ క్యాలెండరే నన్ను కాపాడింది!"

కొట్టు యజమానురాలు స్వీలాన్ కప్పులు కడుగుతున్నదల్లా ఆగింది.

"క్యాలెండరా? ఆ పదకొండు రోజుల్లో తొమ్మిది రోజులు సంతకాలకు దివ్యమైన రోజులు. నీకు చదవడం రాదని ఆయన మొదటిరోజే కనిపెట్టాడు."

కీలియాంగ్ గోడ మీది క్యాలెండర్ వైపు తిరిగాడు.

"మరి నువ్వెందుకు చెప్పలేదక్కా?"

"చెప్పొద్దని చేతులు పట్టుకుని బతిమాలాడు. ఇక రాడులే. రాత్రి బస్సుకే ఊరు విడిచి వెళ్ళిపోయాడు."

"నా మూలానా? నిన్న నేను అన్న మాటలకా?" కీలియాంగ్ ముసలాయన కూర్చునే కుర్చీ వైపు చూశాడు. "అసలు ఎవరక్కా ఆయన?"

స్వీలాన్ చేతులు తుడుచుకుంది.

"నిన్న సాయంత్రం డెస్మండ్‌ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి పోలీసులకు అప్పజెప్పింది ఆయనే," అంది, "వాడి కన్నతండ్రి."